పదారువన్నె బంగారం – కుంపటి ముందరి గాలి

తెలుగువారికి బంగారం మీద గల మక్కువ భాషలోనే కనిపిస్తుంది. పసిడి, పైడి, పుత్తడి, మేలిమి, అపరంజి, కుందనం అని ఒక్క లోహానికి ఇన్ని పేర్లు పెట్టుకొన్న జాతి మనది. నేడు అందం, శోభ అను అర్థాలలో వాడే 'వన్నె' అనే మాట బంగారపు శుద్ధిని తెలిపే కొలమానం కూడా. పదారువన్నెలది అంటే ఏ కల్తీ లేనిదని భావం. మంచివానిని 'పుటం పెట్టిన బంగారం' అని మెచ్చుకొంటాము. అయితే ఆ పుటం పెట్టినవాడు ఎవడు, పెట్టే వేళ అతడు పీల్చిన గాలి ఎట్టిది అన్న ప్రశ్న మన సాహిత్యంలో గాని, సామెతలలో గాని నాకు తారసపడలేదు. సామెతలు కంసాలి చేతివాటాన్ని గూర్చి చెప్పినంతగా అతని ఊపిరిని గూర్చి చెప్పలేదు.

పోలవరం గోదావరి గట్టున, పాపికొండలకు దిగువన, మన్యానికి వాకిలివంటి ఊరు. ఇక్కడి స్వర్ణకారులు రెండు లోకాలకు నగలు చేస్తారు. డెల్టా గ్రామాలవారికి పుస్తెలు, గొలుసులు, చెవికమ్మలు కావాలి. కొండలమీది కోయ, కొండరెడ్డి కుటుంబాలవారికి వెండి కడియాలు, కంటెలు, మట్టెలు కావాలి. నరసాపురం వంటి వర్తక కేంద్రాలలో కనిపించే పెద్ద దుకాణాలు ఇక్కడ లేవు. ఇంటి ముందుగదిలోనో, అద్దెకు తీసుకొన్న చిన్న కొట్టులోనో ఒకరిద్దరు కూర్చుండి పనిచేసుకొనుటే వాడుక. 'ఆచారిగారూ' అని పిలిస్తే తల ఎత్తుతారు గాని, చేతిలోని శ్రావణం వదలరు. టంకం కరిగే క్షణం తప్పిపోతే నగ చెడుతుంది.

ఆ గది సాధారణంగా ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల పొడవు ఉంటుంది. తలుపు ఒకటి, కిటికీ ఉంటే అదీ మూసే ఉంటుంది. ఇది అజ్ఞానం వలన జరుగుతున్నదని తొందరపడి అనరాదు. గాలి వీచితే ఊదుగొట్టం ముందరి మంట చెదరిపోతుంది. ఆకురాయితో రాచినప్పుడు రాలే రజను ఎగిరిపోతుంది. ఆ రజను ఖాతాదారుని బంగారం, తూకంలో తగ్గితే నింద స్వర్ణకారునిదే. వీటికి తోడు దొంగల భయం. పైగా పని ఎక్కువగా ఉండేది శ్రావణమాసంలో. ఆషాఢమంతా ఖాళీగా గడచిన కుంపటికి వరలక్ష్మీ వ్రతం రూపులు, పెండ్లి నగలు ఒక్కమారుగా వచ్చి పడతాయి. అదే సమయంలో గోదావరి పోటెత్తి, ముసురు పట్టి, తలుపు సైతం ఓరగా మూయవలసి వస్తుంది. ఏడాదిలో అన్నిటికన్న ఎక్కువ పొగ, అన్నిటికన్న తక్కువ గాలి ఒకే నెలలో కలుస్తాయి.

ఇక ఆ గాలిలో ఏమున్నదో చూద్దాము.

మొదటిది బొగ్గుల కుంపటి. బొగ్గు చాలినంత గాలి లేక కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హెమోగ్లోబిన్ ప్రాణవాయువుకన్న దానిని రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది. సాయంకాలానికి తలనొప్పి, వాంతి వచ్చినట్లుండుట, కాళ్లలో సత్తువ లేకపోవుట స్వర్ణకారులకు వాడుకే. వారు దానిని కన్నులకు శ్రమ కలిగినందువలన అనుకొంటారు. కొంత నిజమే కావచ్చును. కాని తలుపు తీసి పది నిమిషాలు బయట తిరిగితే తగ్గే తలనొప్పి కంటి శ్రమ వలన వచ్చినది కాకపోవచ్చును.

ఊదుగొట్టం సంగతి వేరు. పెదవులమధ్య గొట్టం పెట్టుకొని దీపపు మంటను నగమీదికి ఊదేటప్పుడు ముఖానికి, పనికి మధ్య జానెడు దూరం కూడా ఉండదు. ఊదినవాడు మరల ఊపిరి తీసుకోవాలి గదా! ఆ ఊపిరి సరిగ్గా టంకం పొగలోనుండే వస్తుంది. నేడు చాలచోట్ల గ్యాసు సిలిండరుకు అమర్చిన టార్చి వచ్చి ఊదే శ్రమ తగ్గినది. పొగకు, ముఖానికి గల దూరం మాత్రం పెద్దగా పెరగలేదు.

ఈ విషయం లోకం కొత్తగా కనుగొన్నది కాదు. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నగరంలో ఉల్రిక్ ఎల్లెన్‌బోగ్ అనే వైద్యుడు 1473లో ఒక చిన్న పుస్తకం వ్రాసినాడు. అది 1524లో అచ్చయినది. వృత్తివలన కలిగే వ్యాధులను గూర్చి తెలిసినంతలో మొట్టమొదటి రచనలలో అది ఒకటి. అది ఎవరికోసమంటే స్వర్ణకారులకోసమే. బొగ్గు పొగ, పాదరసం, సీసం, యాసిడు ఆవిరులు ఎట్లు హాని చేస్తాయో చెప్పి, కిటికీలు తెరచి పనిచేయండి, నోటికి గుడ్డ కట్టుకొనండి, ముఖం పక్కకు తిప్పుకొనండి అని ఆయన హెచ్చరించినాడు. గని కార్మికునికంటె, నేతగానికంటె ముందు ఒక వైద్యుని కంటికి స్వర్ణకారుడు ఆనినాడంటే ఆ పనిలోని ప్రమాదం ఎంత స్పష్టమైనదో ఊహించవచ్చును. అయిదువందల యేండ్ల తరువాత కూడా మనం చెప్పవలసినది దాదాపు అదే.

రెండవది యాసిడు. ఉర్దూలో దీనిని తేజాబ్ అంటారు. పాత నగలను కరిగించి శుద్ధిచేయుటకు నత్రికామ్లం వాడతారు. వెండి, రాగి అందులో కరిగిపోయి బంగారం అడుగున నిలుస్తుంది. బంగారాన్నే కరిగించవలసినప్పుడు నత్రికామ్లంతో హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని కలిపి ద్రవరాజం చేస్తారు. ఈ పనిలో గిన్నెలోనుండి ఎర్రగోధుమరంగు పొగ లేస్తుంది. అది నైట్రోజన్ డయాక్సైడు. దీని కపటమంతా ఆలస్యంలో ఉన్నది. పీల్చినప్పుడు కొంచెం దగ్గు వచ్చి తగ్గిపోతుంది. మనిషి ఇంటికి వెళ్లి భోజనం చేసి పడుకొంటాడు. కొన్ని గంటల తరువాత, ఒక్కొక్కప్పుడు మరునాటికి, ఊపిరితిత్తులలో నీరు చేరి ఆయాసం మొదలవుతుంది. పగటి యాసిడు పనికి, రాత్రి ఆయాసానికి సంబంధమున్నదని ఇంటివారికి తోచదు. గిన్నెను పెరటిలో పెట్టి, గాలి వీచే వైపున తాను నిలిచి చేసుకొంటే తొంబది పాళ్లు తప్పిపోయే ప్రమాదమిది. అయినా బంగారం బయట పెట్టుటకు మనసొప్పక వంటగది మూలలో చేసేవారు ఉన్నారు.

మూడవది మన కాలానికి ప్రత్యేకమైనది. దానిని కొంచెం వివరంగా చెప్పాలి. నగల దుకాణాల బోర్డులమీద 'కేడీఎమ్ నగలు' అను మాటను మీరు చూచి ఉంటారు. కొనేవారిలో చాలమంది అది శుద్ధికి గుర్తు అనుకొంటారు. నిజానికి అది అతుకులో వాడే కాడ్మియం అను లోహానికి గుర్తు. పూర్వం నగ అతుకుటకు బంగారంలో రాగి, వెండి ఎక్కువగా కలిపి టంకం చేసేవారు. దానివలన నగ మొత్తంమీద వన్నె తగ్గేది. కాడ్మియం కలిపితే ఆ చిక్కు ఉండదు. నూటికి 92 పాళ్లు బంగారం, 8 పాళ్లు కాడ్మియం కలిపిన టంకం తక్కువ వేడికే కరిగి చక్కగా పారుతుంది; నగ వన్నె తగ్గదు. కొనేవానికి లాభమే, అమ్మేవానికి లాభమే.

మధ్యనున్నవాని సంగతి లోహాల గుణమే చెబుతుంది. బంగారం 1064 డిగ్రీల సెంటిగ్రేడువద్ద కరుగుతుంది. కాడ్మియం 321 డిగ్రీలకే కరిగి, 767 డిగ్రీలకు మరిగి ఆవిరైపోతుంది. అంటే అతుకు పెట్టే వేడిలో కాడ్మియం కొంత నగను వదలి గాలిలో కలుస్తుంది. గాలిలో అది కాడ్మియం ఆక్సైడై, కంటికి సరిగ్గా ఆననంత సన్నని పొగగా తేలుతుంది. ఘాటు లేదు, మంట లేదు. కాబట్టి ముక్కు హెచ్చరించదు.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. అమెరికా ప్రభుత్వం 1992లో ఎనిమిది గంటల పనికి విధించిన హద్దు ఘనపు మీటరు గాలికి 5 మైక్రోగ్రాముల కాడ్మియం. నేను పైన చెప్పిన గది తొమ్మిదడుగుల ఎత్తు ఉన్నదనుకొంటే సుమారు 20 ఘనపు మీటర్లు. ఒక గ్రాము కేడీఎమ్ టంకంలో 80 మిల్లీగ్రాముల కాడ్మియం ఉన్నది. అందులో నూరవ వంతు మాత్రమే పొగ అయినదనుకొందాము. అది 800 మైక్రోగ్రాములు. ఘనపు మీటరుకు 40. గాలి కదలని గదిలో ఒక్క గ్రాము టంకం, అందులో నూరవ వంతు, ఆ హద్దుకు ఎనిమిది రెట్లు! పెండ్లిళ్ల కాలంలో ఎన్ని అతుకులు పెడతారో లెక్క మీకే విడిచిపెడుతున్నాను.

ఈ పొగ ఎక్కువగా పీల్చినవానికి కొన్ని గంటల తరువాత చలి, జ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి. ముసురు రోజులలో అది మామూలు జ్వరంగానే తోస్తుంది. తీవ్రమైతే ఊపిరితిత్తులు వాచి ప్రాణాపాయం కలుగుతుంది. కొద్దికొద్దిగా పీల్చినవానికి జరిగేది ఇంకొక రకం. ఒంటిలో చేరిన కాడ్మియం మూత్రపిండాలలో నిలువ ఉండి, అందులో సగం బయటికి పోవుటకు పది నుండి ముప్పది యేండ్లు పడుతుంది. మూత్రపిండాలు దెబ్బతిని, ఎముకలు గుల్లబారుతాయి. జపానులోని తొయామా ప్రాంతంలో జింజూ నదిలోనికి గని నుండి కాడ్మియం చేరి, ఆ నీటితో పండిన వరి తిన్నవారు ఎముకల బాధతో మూలిగిన మూలుగే ఆ వ్యాధికి పేరైనది: 'ఇతాయ్-ఇతాయ్', అంటే 'నొప్పి, నొప్పి' అని. ఆ ప్రభుత్వం 1968లో దానిని కాలుష్యవ్యాధిగా గుర్తించినది. కాడ్మియం మనుష్యులలో క్యాన్సరు కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1993లో నిర్ణయించినది. జపానువారికి అన్నం ద్వారా చేరినది మనవారికి ఊపిరి ద్వారా చేరుతున్నది, తేడా అంతే.

ఇక్కడ చుట్టను గూర్చి ఒక మాట. గోదావరి లంక పొగాకుకు పేరున్న సీమ మనది. పొగాకు మొక్క నేలలోని కాడ్మియాన్ని ఆకులలోనికి బాగా లాగుకొనే జాతి. టంకం పొగతో పాటు చుట్టో, బీడీయో కాల్చేవాడు ఒకే విషాన్ని రెండు దారుల లోనికి తీసుకొంటున్నాడు.

ప్రభుత్వం ఊరకున్నదని కాదు. భారతీయ ప్రమాణాల సంస్థ 2000లో బంగారు నగలకు హాల్‌మార్కు పద్ధతి ప్రవేశపెట్టినది. 2021 జూన్‌లో మొదట 256 జిల్లాలలో దానిని తప్పనిసరి చేసినారు. కాడ్మియంకు బదులు జింకు మొదలైన లోహాలతో చేసిన టంకాలు వచ్చినవి; లేజరు యంత్రంతో అతికే పద్ధతి పెద్ద ఊళ్లలో వ్యాపించినది. అయితే ఏడాదికి 40 లక్షల రూపాయల లోపు వ్యాపారం చేసే చిన్నవారికి హాల్‌మార్కు నిర్బంధం నుండి మినహాయింపు ఇచ్చినారు. చిన్నవారిని వేధించరాదన్న దయతోనే ఇచ్చినా, పాత టంకపు కడ్డీ ఎక్కువ కాలం నిలిచేది ఆ చిన్న కొట్లలోనే.

పాదరసం సంగతి తడవకుండ ఈ వ్యాసం పూర్తికాదు. స్వర్ణకారుని గదిలో ఊడ్చిన మట్టి కూడా వృథా కాదు. దానిని కొని, కడిగి, అందులోని బంగారపు రేణువులను తీసే వృత్తి ఒకటి ఉన్నది. తెలుగున వారిని జలగడుగువారు అంటారు, ఉర్దూలో నియారియాలు. మట్టిని పాదరసంతో నూరితే రేణువులన్నీ దానికి అంటుకొంటాయి. ఆ ముద్దను గుడ్డలో పిండి, నిప్పుమీద కాల్చితే పాదరసం ఆవిరై బంగారం మిగులుతుంది. ఆవిరి ఎక్కడికి పోయినదని అడిగేవారు లేరు. పీల్చిన పాదరసపు ఆవిరిలో సుమారు 80 పాళ్లు ఊపిరితిత్తుల గుండా రక్తంలో కలుస్తుంది. చేతులు వణకుట, చిగుళ్లు వాచుట, చీటికిమాటికి కోపం, మతిమరుపు దాని గుర్తులు. సన్నని పని చేసే చేతికి వణుకు పుడితే ఆ మనిషి వృత్తే పోయినది. బంగారు పూత పూసేవారికి ఇదే పాదరసం వలన కలిగే పక్షవాతాన్ని, పాలిపోయిన ముఖాలను ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జినీ 1700లో ప్రకటించిన గ్రంథంలో వర్ణించినాడు. పాదరసపు వాడకాన్ని తగ్గించుటకు 2013లో కుదిరిన మినమాటా ఒడంబడికను మన దేశం 2018లో ధ్రువీకరించినది.

గిల్టు నగలకు వస్తే, మచిలీపట్నం దగ్గరి చిలకలపూడి పేరు తెలియని తెలుగు ఇల్లాలు ఉండదు. అక్కడి పనిలో బంగారు పూతకు సయనైడు లవణాల ద్రావణం, దానికి ముందు కడుగుటకు యాసిడు కావాలి. ఈ రెండూ పొరపాటున కలిస్తే హైడ్రోజన్ సయనైడు వాయువు పుడుతుంది. రెండు తొట్లను రెండు గదులలో ఉంచితే చాలు, ఆ పొరపాటుకు చోటుండదు. చిన్న కొట్టులో రెండవ గది ఎక్కడిది అన్నదే చిక్కు.

మన కళాశాలలోని ఉర్దూ మాధ్యమం విద్యార్థులకు ఇది ఎవరో పరాయివారి గొడవగా తోచవచ్చును, కాదు. హైదరాబాదు చార్మినారు పక్కనున్న లాడ్ బజారు లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ లక్కను నిప్పులమీద మెత్తబరచి, రాళ్లు పొదిగే కుటుంబాలు ఎక్కువగా ముస్లిములవే. పని జరిగేది ఇరుకు ఇండ్లలో, పసిపిల్లలు పడుకొనే గదులలోనే. వేలికి అకీకు ఉంగరం పెట్టుకొనుట మనలో ఎందరికో ఇష్టం. ఆ రాయిని సానపట్టే గుజరాతులోని ఖంభాత్ కార్మికులకు సిలికా ధూళి వలన సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల వ్యాధి సోకుచున్నదని అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థవారు పరిశోధించి చూపినారు. ఆ వ్యాధి ఉన్నవానికి క్షయ తేలికగా సోకుతుంది. క్షయ మందు వాడినా, రాతిపొడి వలన గట్టిబడిన ఊపిరితిత్తి మెత్తబడదు. (స్వర్ణకారుడు టంకానికి వాడే వెలిగారాన్ని ఉర్దూలో 'సుహాగా' అంటారు, 'సుహాగ్' అంటే సౌభాగ్యం. పెండ్లికూతురి నగకు తగిన మాటే!)

చట్టం ఈ గదులదాకా రాలేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం తన మూడవ షెడ్యూలులో పాదరసం, నైట్రస్ పొగలు, కార్బన్ మోనాక్సైడు వలన కలిగే వ్యాధులను చేర్చినది. కాని ఆ చట్టం వ్రాసినది విద్యుత్తు వాడేచోట పదిమంది, వాడనిచోట ఇరువదిమంది పనివారు ఉన్న కర్మాగారాలకు. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా స్మృతి ఆ సంఖ్యలను ఇరువది, నలుబదిగా పెంచినది. తండ్రీకొడుకులు ఇద్దరు కూర్చుండే కొట్టు ఏ లెక్కకూ అందదు.

అయినా చట్టం లేమిని మించినది ఆదాయం లేమి. 1963లో బంగారు నియంత్రణ నిబంధనలు వచ్చి పదునాలుగు క్యారెట్లకు మించిన నగలు చేయరాదన్నప్పుడు దేశమంతట స్వర్ణకారులు వీధిపాలైనారు. 1968 నాటి బంగారు నియంత్రణ చట్టం 1990లో రద్దయినది. ఆ తరువాత యంత్రాల నగలు, పెద్ద దుకాణాలు వచ్చి చేతిపనిని మింగినవి. మజూరీ కోసం పోటీపడే మనిషితో గాలిని గూర్చి మాట్లాడితే, ముందు పని దొరకనీయండి అంటాడు. ఆ మాటకు నావద్ద తిరుగు సమాధానం లేదు. అందుకని ఖర్చు తక్కువైన ఉపాయాలనే చెప్పదలచినాను.

తలపైన తిరిగే పంకా ఉపకారం చేయదు; పొగను గదంతా కలియబెడుతుంది. కావలసినది పని బల్ల ఎత్తున, పనికి అవతలి వైపు గోడలో అమర్చిన, గాలిని బయటికి లాగే చిన్న పంకా. అప్పుడు పొగ ముఖాన్ని దాటకుండ అటునుండి అటే పోతుంది. మంట చెదరకుండ పంకాకు, పనికి మధ్య ఒక రేకు గూడు అమర్చుకోవచ్చును. రజను పోతుందన్న భయముంటే ఆకురాయి పని చేసేటప్పుడు పంకా ఆపి, టంకం పెట్టేటప్పుడు వేసుకొంటే సరి. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో స్వర్ణకార వృత్తి ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయల వరకు సహాయం ఆ పథకంలో ఉన్నది. ఇటువంటి పంకాను కూడా సుత్తి, దాగలివలె పనిముట్లలో చేర్చుట న్యాయమని నా అభిప్రాయం. టంకం కొనేటప్పుడు కాడ్మియం లేనిది కావాలని అడగాలి. నోటికి కట్టుకొనే గుడ్డ ధూళిని కొంత ఆపుతుంది గాని, యాసిడు ఆవిరిని, పాదరసపు ఆవిరిని ఆపదు. దానిని నమ్ముకొని కిటికీ మూయరాదు. పని బల్లవద్ద అన్నం తినరాదు, ఆ గదిలో పసిపిల్లలను పడుకోబెట్టరాదు.

రమజ్జినీని మరల తలచుకోవాలి. రోగిని చూడబోయిన వైద్యుడు అడగవలసిన ప్రశ్నలు ప్రాచీనులు చాలా చెప్పినారు. వాటికి ఆయన ఇంకొకటి కలిపినాడు: 'నీవు చేసే పని ఏమిటి?' మన ఆసుపత్రులలో వరుసలో నిలిచిన జనాన్ని చూస్తే ఆ ప్రశ్నకు వైద్యునికి వ్యవధి ఉండదు. దగ్గు అంటే దగ్గుమందు, జ్వరమంటే జ్వరపు మాత్ర. కాబట్టి అడగకముందే చెప్పాలి. చదువుకొన్న కొడుకో, కూతురో వెంట వెళితే ఒక కాగితంమీద ఇవి వ్రాసి చేతికివ్వవచ్చును: ఎన్ని యేండ్లుగా బంగారు పని చేస్తున్నారు, కేడీఎమ్ టంకం వాడినారా, యాసిడు, పాదరసం ముట్టుకొన్నారా, జ్వరం వచ్చిన రోజున, దాని ముందు రోజున ఏ పని చేసినారు, చుట్ట, బీడీ అలవాటు ఉన్నదా. మూత్రపరీక్షలో మాంసకృత్తు పోతున్నదేమో చూడమని కూడా అడగవచ్చును.